సిర్ర నుంచి 5ఏ దాకా: ప్యాడ్స్‌కి ఏ స్టిక్స్ కొనాలి?

పోయిన వారం కంభం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టినాడు. "అన్నా, ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొన్నా. దాంతో వచ్చిన స్టిక్స్ బాగాలేవు. ఏవి కొనాలి?" అంతే ప్రశ్న. రెండు లైన్లలో జవాబు ఇచ్చేసి ఊరుకోవచ్చు. 5ఏ సైజు, హికరీ చెక్క, కొత్త జత, పోయి ప్రాక్టీస్ చేసుకో అని. అట్లా టైప్ చేసి పంపబోయి ఆగిపోయినా. ఆ 5ఏ అంటే ఏందో నాకే తెలీదు. ఇన్నేళ్ళుగా వాయిస్తున్నా. ఐదు దేనికి, ఏ దేనికి? చెప్పుల షాపులో సైజు అడిగినట్టు అడగడమే తప్ప ఎప్పుడూ ఆలోచించలేదు.

సరే వెతుకుదామని ఫోన్‌లో తెలుగులో "డ్రమ్ స్టిక్స్" అని కొడితే మొదట మునక్కాయ పులుసు వీడియోలు వచ్చినాయి. నవ్వుకుని ఇంగ్లీష్‌లో వెతికితే అమెరికా వాళ్ళ కథ దొరికింది. మనకాడి కథ మాత్రం నెట్‌లో దొరకలేదు, మా ఊళ్ళోనే దొరికింది. ఈ ఎపిసోడ్‌లో రెండూ చెప్తా. ఏ స్టిక్స్ కొనాలో కూడా చెప్తా, కాబట్టి స్కిప్ చేయొద్దు. చేసినా నాకు తెలీదనుకోండి.

ముందు నేను చేసిన తప్పు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు అద్దె ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. మామూలు డ్రమ్స్ పెడితే ఓనర్ సామాన్లతో సహా బయటికి పంపిస్తాడు. అందుకని ఎలక్ట్రానిక్ కిట్ తీసుకున్నా, మెష్ ప్యాడ్స్ ఉండేది. మెష్ అంటే దోమతెర లాంటి అల్లిక, చట్రానికి బిగించి ఉంటుంది. కొడితే చప్పుడు తక్కువ. స్టిక్స్ మాత్రం బాగా లావుగా ఉండే 2బి కొన్నా. ఎందుకంటే ఒక మెటల్ డ్రమ్మర్ వీడియోలో అవి చూసినా. అంతే లాజిక్. రోజూ రాత్రి రెండు గంటలు వాయించేవాణ్ణి. మూడో వారానికి కుడి మణికట్టు పట్టేసింది. పొద్దున ఆఫీసులో మౌస్ పట్టుకోవాలంటే నొప్పి.

అది తగ్గినాక ఇంకో తెలివి. కాలేజీ ఫెస్ట్‌ల్లో మామూలు డ్రమ్స్ మీద వాడిన పాత 5ఏ జత ఉంటే అది బయటికి తీసినా. సింబల్ అంచులు తగిలి తగిలి ఆ కర్రలకి ఒళ్ళంతా ఎలక కొరికినట్టు గాట్లు. పదిరోజుల్లో స్నేర్ ప్యాడ్ మెష్ మీద చిన్న చిరుగు పడింది. అంటే మొదటిసారి చెయ్యి పోయింది, రెండోసారి ప్యాడ్ పోయింది. కర్రని విడిగా చూసి కొంటే ఇట్లాగే అవుతుంది. దేని మీద కొడుతున్నామో చూసి కదా కర్ర ఎంచుకోవాలి. ఈ మాట నాకు ఏ డ్రమ్ టీచరూ చెప్పలేదు. తప్పెట కొట్టే ఒక పెద్దాయన చెప్పినాడు.

మా గిద్దలూరు నల్లమల కింద ఉంటుంది. దిగువమెట్ట దాటితే అడవే, ఆ అడవి దాటితే నంద్యాల వైపు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మాది కర్నూలు జిల్లా. ఆ ఒంగోలు జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టినారు. అందుకే మా మాట సగం సీమ, సగం కోస్తా. డప్పు విషయంలో కూడా అంతే. తెలంగాణలో డప్పు అంటారు, రాయలసీమ వైపు తప్పెట అని, కోస్తా వైపు పలక అని ఎక్కువగా వింటాం. మా ఊళ్ళో మూడూ వినపడతాయి. పక్కన మార్కాపురం ఏమో పలకలకి ఫేమస్, అదీ బడిపిల్లలు రాసుకునే రాతి పలకలకి. చిన్నప్పుడు ఎవరైనా "పలకలు కొడుతున్నారు" అంటే, బళ్ళో రాసుకునే పలకల్ని ఎందుకు కొడతారా అని నిజంగానే అనుకునేవాణ్ణి.

తప్పెట చూడటానికి చాలా సింపుల్. గుండ్రటి చెక్క చట్రం, దాని మీద బిగించిన తోలు, ఎక్కువగా మేక తోలు. ఎడమ భుజానికి తగిలించుకుంటారు. రెండు చేతుల్లో రెండు కర్రలు. ఇక్కడ ఆగి చూడండి, ఆ రెండూ ఒకటి కావు. కుడి చేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర, కొందరు చిర్ర అంటారు. ఎడమ చేతిలో పొడుగ్గా, సన్నగా వంగే వెదురు బద్ద, దాని పేరు చిటికెన పుల్ల. సిర్ర తోలు మీద పడితే గుండెల్లో తగిలే లోతైన దెబ్బ. సన్న పుల్ల పడుకున్నట్టుగా తోలుకి తగిలితే చురుక్కుమనే పల్చటి చప్పుడు. కిట్ వాయించే వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, బేస్ డ్రమ్ము, స్నేరు రెండూ ఒకే తోలు మీద ఉన్నట్టు. తేడా అంతా కర్రలో ఉంది.

వాయించే ముందు మంట వేసి తోలుని కాచుతారు. తోలు తేమ పీల్చుకుంటే వదులవుతుంది, సెగ తగిలితే బిగుస్తుంది. గిటార్ వాళ్ళు స్ట్రింగ్స్ తిప్పుకున్నట్టు వీళ్ళు మంట చుట్టూ తిప్పుకుంటారు. పీర్ల పండగప్పుడు గుండం పక్కన మీరూ చూసే ఉంటారు.

పోయినేడు పీర్ల పండగకి ఊరికి పోయినప్పుడు ఆ పెద్దాయన పక్కన కూర్చున్నా. డెబ్భై దాటినాయి. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. "తాతా, రెండు పుల్లలూ ఒకే సైజు పెట్టుకోవచ్చు కదా?" అని అడిగినా. బీటెక్ బుర్ర కదా, కనపడిందల్లా స్టాండర్డ్ చేద్దామనుకుంటుంది. ఆయన నా వైపు చూసి, "రెండు చేతులూ ఒకే పని చేస్తాండాయా నాయనా? ఒకటి ముద్ద కలిపే చెయ్యి, ఒకటి చెంబు పట్టే చెయ్యి" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్ళు గట్టిగా నవ్వినారు. నేనూ నవ్వినా, ఇంకేం చేస్తా.

తర్వాత నిదానంగా చెప్పినాడు. తోలు బాగా కాగి బిగిసినప్పుడు మరీ సన్న పుల్ల చాలు. ముసురు పట్టి తోలు మెత్తబడితే కొంచెం బరువున్న పుల్ల కావాలి, లేకపోతే పలకదు. ఊరేగింపులో గంటలకొద్దీ నడవాలంటే తేలికపాటి సిర్ర పట్టుకుంటాడు, ఒకచోట నిలబడి కొట్టేదుంటే బరువుది. పుల్లలు విరుగుతాయి కాబట్టి వెదురు దొరికినప్పుడే ఒకేసారి పది పన్నెండు చెక్కి పెట్టుకుంటాడు. ఒక్కొక్కటీ వంచి వదిలి, అది ఎట్లా వెనక్కి వస్తుందో చూసి పక్కన పెడతాడు. నేను ఇంగ్లీష్‌లో చదివిన బరువు, బ్యాలెన్స్, ఫ్లెక్స్, రీబౌండ్ అనే మాటలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. మాటలే వేరు.

కర్ర గురించి ఇంత తెలిసిన మనిషికి, అసలు ఆ కర్ర పట్టాలా వద్దా అని ఎంచుకునే వీలు మాత్రం చాలా కాలం లేదు. ఇది దాటేసి డ్రమ్ స్టిక్స్ చరిత్ర చెప్తే సగం చరిత్రే చెప్పినట్టు. ఊళ్ళలో తప్పెట కొట్టడం ఎక్కువగా మాదిగల మీద, కొన్ని చోట్ల మాలల మీద పడిన కులం పని. చావుకి కొట్టాలి, దేవరకి కొట్టాలి, ఊళ్ళో ఏదైనా చాటింపు వేయాలంటే కొట్టాలి. చాలా చోట్ల దానికి డబ్బులంటూ విడిగా ఉండేవి కావు, కళ్ళంలో ఇంత గింజలు, పండగకి ఇంత కూడు. రానంటే కుదరదు. తప్పెట లేకుండా దేవుడు ఊరేగడు, కానీ తప్పెట కొట్టేవాళ్ళు గుడి మెట్లు ఎక్కకూడదు. ఈ పెద్దాయన చిన్నప్పుడు వాళ్ళ నాయనతో పాటు ఊరేగింపు ముందు నడిచేవాడంట. గుడి వీధి దాకా ముందు వాళ్ళే. ఆ తర్వాత పక్కకి తప్పుకుని బయటే నిలబడాలంట. ఆయన ఇది కోపంగా కూడా చెప్పలేదు, పుల్ల చెక్కుతా చెప్పినాడు. వినేదానికి నాకే ఇబ్బందిగా అనిపించింది, ఎందుకంటే ఆ గుడి మెట్లు మా ఇంట్లో వాళ్ళు ఎక్కినారు.

ఆ తప్పెటే అప్పటి మన జిల్లాలో ఇంకో రకంగా మోగింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడి అనే ఊళ్ళో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది, మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో. జనం నోట్లో దానికి పడిన పేరు దండోరా. దండోరా అంటే తప్పెట కొట్టి ఊరికి చాటడమే. ఎవరో పురమాయిస్తే వేసే చాటింపు పేరునే వాళ్ళు తమ ఉద్యమానికి పెట్టుకున్నారు. ఎస్సీ రిజర్వేషన్లని వర్గీకరించాలనేది వాళ్ళ డిమాండ్. 2004లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం చేసిన వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పిచ్చింది. మధ్యలో ఇరవై ఏళ్ళు. వర్గీకరణని వ్యతిరేకించే వాళ్ళ వాదన కూడా ఉంది, అదంతా ఇంకో ఎపిసోడ్ అంత పెద్దది. ఇక్కడ నేను చెప్పేది ఒకటే. ఆ సభల ముందు డప్పు కొట్టినవాళ్ళు కొట్టాలనుకుని కొట్టినారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ పెన్షన్ల లిస్టులో డప్పు కళాకారులు అని విడిగా ఒక వరస ఉంది, 2024 జులై నుంచి నెలకి 4,000 రూపాయలు. కళాకారులు అనే మాట కాగితం మీదికి వచ్చేదానికి ఎంత కాలం పట్టిందో చూడండి.

ఇప్పుడు సముద్రం దాటుదాం, ఎందుకంటే తమ్ముడు అడిగిన 5ఏ అక్కడిది.

యూరప్ సైన్యాల్లో డ్రమ్ముని పట్టీతో భుజం నుంచి వేలాడదీసుకుని నడిచేవాళ్ళు. కాలికి అడ్డం రాకుండా అది ఒక పక్కకి వాలి ఉండేది. వాలిన డ్రమ్ము మీద ఎడమ చెయ్యి మామూలుగా అందదు. అందుకని ఎడమ చేతి కర్రని బొటనవేలి సందులో పెట్టుకుని, అరచెయ్యి పైకి చూసేలా పట్టుకోవడం అలవాటైంది. దాన్నే ఇప్పుడు ట్రెడిషనల్ గ్రిప్ అంటున్నారు. డ్రమ్ము నిటారుగా స్టాండ్ ఎక్కినాక కూడా చాలామంది జాజ్ డ్రమ్మర్లు ఆ పట్టు వదల్లేదు. నాకు ఇక్కడ ఒకటి తట్టింది. భుజానికి వేలాడే డ్రమ్ము ఇద్దరికీ ఒకే ఇబ్బంది పెట్టింది, రెండు చేతులకీ సమానంగా అందదు. వాళ్ళు కర్రలు ఒకేలా ఉంచి చేతి పట్టు మార్చుకున్నారు. మనవాళ్ళు కర్రనే మార్చేసినారు. ఆ సైన్యం డ్రమ్ములే బ్రిటిష్ వాళ్ళ వెంట ఇక్కడికి వచ్చి చివరికి మన పెళ్ళిళ్ళ బ్యాండ్ మేళంలో చేరినాయి. కాబట్టి ఒకే పెళ్ళి ఊరేగింపులో బ్యాండ్ వాళ్ళ జత కర్రలు, తప్పెట వాళ్ళ జత కాని కర్రలు పక్కపక్కన మోగుతా ఉంటాయి.

ఇక ఆ నంబర్లు. అమెరికాలో చికాగోలో 1909లో లుడ్విగ్ అన్నదమ్ములు డ్రమ్ కంపెనీ పెట్టినారు. విలియం లుడ్విగ్ కాలం నుంచి వచ్చిన లెక్క ఇది అని డ్రమ్ కంపెనీలు చెప్తాయి. ఎస్ అంటే స్ట్రీట్, వీధుల్లో మార్చింగ్ చేసే వాళ్ళకి, అన్నింటికన్నా లావు. బి అంటే బ్యాండ్. ఏ అంటే ఆర్కెస్ట్రా. ఆర్కెస్ట్రాకి ఓ కదా రావాలి? ఓ కన్నా ఏ అక్షరం ప్రింట్‌లో బాగుంటుందని ఏ పెట్టినారంట. వంద ఏళ్ళుగా ప్రపంచం మొత్తం వాడుతున్న పేరు వెనక ఉన్న కారణం ఇంత. వేరియబుల్‌కి ఏదో పేరు పెట్టేసి తర్వాత మార్చలేక వదిలేసిన కోడ్ నేను కూడా చాలా రాసినా, కాబట్టి లుడ్విగ్‌ని ఏమీ అనలేను. నంబర్ ఏమో తిరగేసి ఉంటుంది, నంబర్ తగ్గేకొద్దీ కర్ర లావు. ఇప్పుడు మామూలుగా దొరికే 5ఏ సుమారు 14.4 మిల్లీమీటర్ల మందం, 16 అంగుళాల పొడుగు. 7ఏ దానికన్నా సన్నం, సుమారు 13.7 మిల్లీమీటర్లు, అర అంగుళం పొట్టి. 5బి 15 పైన, నేను కొని చెయ్యి పాడుచేసుకున్న 2బి 16 దాకా. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. చూశారా, 5ఏకి 2బికి మధ్య తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. మణికట్టుకి మాత్రం ఆ తేడా బాగా తెలుస్తుంది.

హికరీ అనేది అమెరికా చెట్టు. ఆ చెక్క దెబ్బ అదురుని బాగా తనలోకి తీసుకుంటుంది, తొందరగా విరగదు, అందుకే ఎక్కువ స్టిక్స్ దాంతోనే చేస్తారు. మేపుల్ తేలిక, ఓక్ బరువు. తర్వాత ఒక్క పదేళ్ళలో మూడు పెద్ద మార్పులు వచ్చినాయి. 1957లో రెమో బెల్లీ కంపెనీ పెట్టి ప్లాస్టిక్ డ్రమ్ హెడ్స్‌ని బాగా జనంలోకి తెచ్చినాడు. అంతకుముందు వాళ్ళది కూడా దూడ తోలే, వానొస్తే వాళ్ళదీ మన తప్పెట బాధే. 1958లో నయాగరా ఫాల్స్ ఊళ్ళో జో కలాటో నైలాన్ టిప్ కనిపెట్టినాడు, ఎందుకంటే చెక్క టిప్పులు పేళ్ళు లేచి అరిగిపోతున్నాయి. 1963లో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో టింపనీ వాయించే విక్ ఫర్త్ తనకి నచ్చే స్టిక్స్ దొరక్క సొంతంగా చేయించుకోవడం మొదలుపెట్టినాడు. ఒకే బరువు, తడితే ఒకే శ్రుతి వచ్చే రెండు కర్రల్ని ఏరి జత కట్టడం ఆయన కంపెనీ గొప్పగా చెప్పుకునే విషయం. మా పెద్దాయన రెండు కర్రల మధ్య తేడా కోసం వంచి చూస్తాడు, అక్కడ తేడా లేకుండా ఉండేదానికి తూచి చూస్తారు.

అప్పటిదాకా ఎక్కడైనా ఒక విషయం మారలేదు. తోలైనా ప్లాస్టిక్ అయినా, చప్పుడులో కర్రకి వాటా ఉంది. టిప్ గుండ్రంగా ఉంటే ఒక శబ్దం, కోలగా ఉంటే ఇంకో శబ్దం. ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వచ్చినాక ఆ వాటా పోయింది.

1981లో ఇంగ్లండ్ కంపెనీ సిమన్స్ ఎస్‌డీఎస్-5 అనే కిట్ తెచ్చింది. తేనెపట్టు గడి లాగా ఆరు మూలల ప్యాడ్స్. పాత డిస్కో పాటల్లో "డ్యూం డ్యూం" అని జారే డ్రమ్ సౌండ్ గుర్తుందా, ఆ జాతి సౌండే. ఆ ప్యాడ్స్ పైభాగం పాలికార్బనేట్, పోలీసుల షీల్డులకి వాడే లాంటి గట్టి ప్లాస్టిక్. కర్ర పడితే ప్యాడ్ ఏమాత్రం లొంగదు, దెబ్బంతా తిరిగి మణికట్టుకే. చేతులు నొప్పులని డ్రమ్మర్లు మొత్తుకున్నారు, తర్వాతి మోడల్స్‌కి రబ్బర్ వచ్చింది. నాకు ఈ భాగం చదువుతుంటే ఊరటగా అనిపించింది, చెయ్యి పట్టేసింది నాకొక్కడికే కాదన్నమాట.

1983లో మిడి వచ్చింది. మ్యూజిక్ మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష అనుకోండి. 1985లో రోలాండ్ ఆక్టాప్యాడ్ తెచ్చింది. ఎనిమిది రబ్బర్ ప్యాడ్స్, మొదటి మోడల్‌లో సొంత సౌండ్ ఒక్కటి కూడా లేదు, వేరే మెషీన్‌కి మిడి పంపడమే దాని పని. మన ఆర్కెస్ట్రాల్లో, పెళ్ళి స్టేజీల మీద, చర్చిల్లో అందరూ "ప్యాడ్స్" అని పిలిచేది ఈ కుటుంబమే, ముఖ్యంగా 1998లో వచ్చిన ఎస్‌పీడీ-20. ఆటోలో పట్టేస్తుంది, ఒకడే మోసుకుపోవచ్చు, కరెంటుంటే చాలు. 1997లో అదే రోలాండ్ రెమో కంపెనీతో కలిసి మెష్ ప్యాడ్‌తో వీ-డ్రమ్స్ తెచ్చింది. కర్ర మళ్ళీ తోలు మీద ఎగిరినట్టు ఎగరడం మొదలైంది.

లోపల ఏం జరుగుతుందో ఒక్క నిమిషం. ప్యాడ్ కింద రూపాయి బిళ్ళంత పీజో సెన్సర్ ఉంటుంది. కర్ర పడితే అది అదురుని చిన్న కరెంట్ సిగ్నల్‌గా మారుస్తుంది. మాడ్యూల్ ఆ సిగ్నల్ ఎంత పెద్దదో చూసి 1 నుంచి 127 లోపల ఒక నంబర్ ఇస్తుంది. ఆ నంబర్‌ని బట్టి ముందే రికార్డ్ చేసి పెట్టిన సౌండ్ వస్తుంది. అంతే. మీది హికరీనా, వెదురా, టిప్ గుండ్రమా, కోలా, మాడ్యూల్‌కి ఏమీ తెలీదు. కర్ర ఇప్పుడు వాయిద్యంలో భాగం కాదు, కీబోర్డ్ మీద వేలు లాంటిది.

అందుకే తమ్ముడూ, ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కి స్టిక్ ఎంచుకునేటప్పుడు సౌండ్ గురించి చెప్పే కబుర్లన్నీ పక్కన పెట్టెయ్. చూడాల్సింది నీ మణికట్టు, నీ ప్యాడ్, కింద ఫ్లాట్‌లో ఉండేవాళ్ళ నిద్ర. పూర్తి కిట్ అయితే 5ఏతో మొదలుపెట్టు, రేపు మామూలు డ్రమ్స్ మీదికి పోయినా చెయ్యి అలవాటు తప్పదు. ఆక్టాప్యాడ్ లాంటిదైతే 7ఏ మేలు, ఎందుకంటే ప్యాడ్స్ చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి, పొడుగు కర్ర పక్క ప్యాడ్‌కి తగులుతుంది. చిన్నపిల్లలకి కూడా 7ఏనే. రబ్బర్ ప్యాడ్ మీద లావు కర్రతో బాదొద్దు, రబ్బర్ కింద గట్టి ప్లాస్టికే, 1981 నాటి సంగతి మర్చిపోవద్దు. గట్టిగా వినపడాలంటే వాల్యూమ్ పెంచు, సెన్సిటివిటీ పెంచు, చేతి బలం పెంచొద్దు.

మెష్ ఉంటే దాని స్టిక్స్ దానికే ఉంచు. సింబల్స్ మీద వాడిన కర్ర మెష్ మీదికి రానీయొద్దు, నా చిరుగు గుర్తుపెట్టుకో. చెక్క టిప్పయినా పర్లేదు, వాయించే ముందు వేలితో తడిమి పేళ్ళు లేచినాయేమో చూడు. నైలాన్ టిప్‌కి ఆ భయం లేదు, కాకపోతే రబ్బర్ మీద టకటక కొంచెం ఎక్కువ, టిప్ వదులైతే ఊడొస్తుంది. కార్బన్, మెటల్ స్టిక్స్ జోలికి పోవద్దు. కొన్ని డిజిటల్ స్నేర్లు, రైడ్ ప్యాడ్లు చెయ్యి ఆనిందో లేదో కూడా కనిపెడతాయి, అట్లాంటి వాటికి చెక్క, ప్లాస్టిక్ తప్ప వేరేవి వాడితే సెన్సర్ తికమకపడుతుందని కంపెనీ వాళ్ళే రాస్తారు. షాపుకి పోతే కౌంటర్ అద్దం మీద కర్రని దొర్లించి చూడు, వంకర ఉంటే ఎగురుతా పోతుంది. రెండూ చేతిలో తూచి చూడు. ఇక కింద ఫ్లాట్ వాళ్ళ సంగతంటావా, వాళ్ళకి వినపడేది స్టిక్ చప్పుడు కాదు, కిక్ పెడల్ దెబ్బ. దాని కింద మందపాటి రబ్బర్ మ్యాట్ వెయ్.

జవాబు అయిపోయింది. పెద్దాయన సంగతి కొంచెం మిగిలింది.

ఆయన మనవడు ప్యాడ్స్ వాయిస్తాడు. ఇరవై రెండేళ్ళు, చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి, ఫంక్షన్లకి పోతాడు. తప్పెట ఎందుకు నేర్చుకోలేదని అడిగితే, "ప్యాడ్స్ వాయిస్తే స్టేజీ మీద కుర్చీ ఏస్తారన్నా" అన్నాడు. దానికి నా దగ్గర ఏం జవాబు ఉంది. అతని దగ్గర సొంత సౌండ్స్ ఎక్కించుకునే ప్యాడ్ ఉంది. అందులో తాత తప్పెటనే రికార్డ్ చేసి ఎక్కించినాడు. ఒక ప్యాడ్ మీద సిర్ర దెబ్బ, దాని పక్క ప్యాడ్ మీద చిటికెన పుల్ల దెబ్బ. తను మాత్రం రెండు చేతుల్లో ఒకే రకం 7ఏ పట్టుకుని వాయిస్తాడు. చేతుల్లో ఉన్న తేడా మెషీన్ లోపలికి పోయింది.

పండగ తెల్లారి ముగ్గురం వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఉన్నాం. తాతని వాయించమన్నాడు మనవడు. ఆయన తన పుల్లలే తెచ్చుకున్నాడు. ముందు చిటికెన పుల్లతో కొడితే మెషీన్ పలకలేదు. అంత సన్న బద్ద అదురు సెన్సర్‌కి చాలలేదు. మనవడు సెన్సిటివిటీ పెంచినాడు. ఈసారి పలికింది, కానీ పుల్ల పొడుగు కదా, పడుకోబెట్టి కొట్టేసరికి రెండు ప్యాడ్లు ఒకేసారి మోగినాయి. తాత చెయ్యి కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. తర్వాత సిర్రతో పక్కన పడింది ఒక దెబ్బ, అది పుల్ల సౌండ్ ఉన్న ప్యాడ్. చురుక్కుమని సన్నగా వినపడింది. ఆయన ఆగిపోయి సిర్ర వైపు చూసుకున్నాడు. "కొట్టింది సిర్ర, పలికింది పుల్ల. ఇదేందిరా" అన్నాడు.

మనవడు తన 7ఏ జత అందించినాడు. తాత రెండూ తీసుకుని అరచేతిలో ఆడించి చూసినాడు. "రెండూ ఒకటేనా?"

"ఒకటే తాతా."

"అట్లయితే ఒకటి చాలు" అని ఒక కర్ర వెనక్కి ఇచ్చేసినాడు. కుడి చేతిలో 7ఏ, ఎడమ చేతిలో చిటికెన పుల్ల పెట్టుకుని మొదలుపెట్టినాడు. ఆయన ఒప్పుకున్నాకే చేతుల వరకు వీడియో తీసినా. నలభై సెకన్లు ఉంటుంది, ఇప్పుడు ప్లే చేస్తున్నా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.